పద్నాలుగు యంత్రాలు అందినవి

సూరవరప్పాలెం, పొదిలి దగ్గర
ఫిబ్రవరి 26, 2024

చిరంజీవి మెహర్‌ను ఆశీర్వదించి మీ బుల్లయ్య మాస్టారు రాయునది.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వుకోకు. ఫోన్లో నీ మాట నాకు వినపడదు. నేను అరిచేది మాత్రం ఊరంతటికీ వినపడుతుంది. మొన్న నీతో మాట్లాడుతుంటే మా అరుగు మీద పదిమంది చేరారు. ఖాదర్ వలి కూతురు జెనీవాలో పెద్ద పోలీసాఫీసరు అయిందని ఇక్కడ ప్రచారం. "యూనిఫారం ఉంటుందా మాస్టారూ? జీపు ఇస్తారా?" అని అడుగుతున్నారు. నీకు తెలుగూ ఇంగ్లీషూ రెండూ చెప్పినవాణ్ణి, నీ ఉద్యోగమేమిటో నాకే సరిగా తెలియదని ఎలా ఒప్పుకోను? "జీపు కాదు, కారే" అన్నాను. అబద్ధమైతే సర్దుకో. నిజమేమిటో కాస్త వివరంగా రాయి.

మిరపకాయలు కల్లాల్లోకి వచ్చాయి. మబ్బు పట్టినప్పుడల్లా ఆడవాళ్ళు పరుగెత్తి పట్టాలు కప్పుతున్నారు, ఎండ రాగానే తీస్తున్నారు.

ఇంకొక సంగతి. మీ సంస్థవాళ్ళే ఎక్కడైనా తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలి? నా కోసం కాదు. ఒక మిత్రుడు అడిగాడు.

మీ మాస్టారు,
బుల్లయ్య


జెనీవా
మార్చి 14, 2024

పూజ్యులైన మాస్టారికి మెహర్ నమస్కారాలు.

యూనిఫారం లేదు, జీపు లేదు, కారు కూడా లేదు. ట్రాములో నిలబడి వెళతాను. దయచేసి ఈ మాట అరుగు మీద చెప్పకండి.

అరవై దేశాల్లో రైతుల పంట పాడవకుండా కాపాడతామని మా అంతర్జాతీయ పంట సంరక్షణ సంస్థ గోడ మీద రాసి ఉంటుంది. ఆ కాపాడే మావాళ్ళే మోసం చేసినా, దొంగ నివేదికలు రాసినా, కింది ఉద్యోగుల్ని వేధించినా విచారించడం నా పని. అరవై దేశాలకీ కలిపి నలుగురం.

అయితే మా ఆఫీసులో దొంగ అనే మాట వాడకూడదు. "విచారణకు సంబంధించిన వ్యక్తి" అనాలి. అబద్ధం అనకూడదు, "వాస్తవంతో పూర్తిగా పొసగని కథనం" అనాలి. నిరుడు ఒక దేశంలో మా అధికారి కట్టని గోదాముకు రిబ్బను కత్తిరించాడు. ఫొటో కూడా ఉంది: రిబ్బను, కత్తెర, వెనకాల ఖాళీ పొలం. "గోదాము లేదు" అని నేను రాస్తే, మా పెద్దాయన దిద్ది "గోదాము ఉనికి ఇంకా పూర్తిస్థాయికి చేరుకోలేదు" అని మార్చారు. మీరు నాకు నేర్పిన వ్యాకరణం ఇక్కడ ఎందుకూ పనికిరావడం లేదు.

మీ మిత్రుడు మా వెబ్‌సైటులో ఫిర్యాదు చెయ్యవచ్చు. ఫారం ఆరు భాషల్లో ఉంది, తెలుగులో లేదు. కానీ ఏ భాషలో రాసినా తీసుకుని తీరాలని రూలు. పోస్టులోనైనా పంపవచ్చు. పేరు చెప్పనక్కర్లేదు. ధైర్యంగా రాయమనండి.

మీ విద్యార్థిని,
మెహర్


సూరవరప్పాలెం
ఏప్రిల్ 9, 2024

చి. మెహర్‌కు ఆశీస్సులు.

పోయినవారం రెండు రోజులు వాన కొట్టింది. మా వీధి చివర రాఘవమ్మ నీకు గుర్తుందా? నీకంటే రెండేళ్ళు పెద్ద. ఐదో తరగతితో బడి మాన్పించారు. ఇప్పుడు ఆడవాళ్ళ రైతుసంఘానికి నాయకురాలు. ఆమె కల్లంలో పట్టా కిందికి నీళ్ళు చేరి, సగానికి సగం కాయ రంగు పోయి తెల్లబారింది. తాలు కాయని గుంటూరు మిర్చి యార్డులో ఎవరు చూస్తారు?

సరిగ్గా అదే వారం మీ సంస్థ గుంటూరు ఆఫీసు నుంచి ఒక రంగుల పుస్తకం వచ్చింది. పొదిలి చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్ళకు మిరపకాయ ఆరబెట్టే సోలార్ యంత్రాలు పద్నాలుగు ఇచ్చారట. అందులో రాఘవమ్మ ఫొటో ఉంది, నవ్వుతూ. కింద "యంత్రం వచ్చాక వాన అంటే భయం పోయింది, నా జీవితం వికసించింది" అని ఆమె అన్నట్టు వేశారు. నాతో చదివించుకుంది.

"ఇది నేనే అన్నానా మాస్టారూ?"

"నువ్వే అన్నావని ఉందమ్మా."

"ఎప్పుడన్నాను? ఆ ఫొటో మా ఆడపడుచు కూతురి పెళ్ళిలోది!"

నవ్వింది. తరవాత లేచి తాలు కాయ ఏరుకోవడానికి పోయింది.

మా మిత్రుడు రాయాల్సింది రాసి పోస్టులో వేశాడు.

మీ మాస్టారు


జెనీవా
మే 6, 2024

మాస్టారికి,

ఈ ఉత్తరం పొడిగా ఉంటే మన్నించండి. ఇకమీదట ఆ విషయం మనిద్దరం మాట్లాడుకోకూడదు. ఎందుకో చెప్పకూడదు. చెప్పకూడదని చెప్పవచ్చో లేదో కనుక్కున్నాను. ఇంకా జవాబు రాలేదు.

మాకు ఒక కాగితం వచ్చిందో రాలేదో నేను చెప్పలేను. రాని ఆ కాగితానికి జతపరిచిన మా రంగుల పుస్తకంలో మూడు అక్షరదోషాలు ఎర్రసిరాతో దిద్ది ఉన్నాయని, మార్జిన్లో "శ్రద్ధ చాలదు" అని రాసి ఉందని అసలే చెప్పలేను. ఐదేళ్ళు నా నోటుబుక్కుల్లో ఆ రెండు మాటలూ చూసినదాన్ని.

రాసిందెవరో నాకు తెలిసినట్టుందని ఆ రోజే మా పెద్దాయనకు చెప్పేశాను. ఆ కేసు నుంచి నన్ను తప్పించారు. హెండ్రిక్ అనే సహోద్యోగికి ఇచ్చారు. మంచివాడు, నిజాయితీపరుడు. తెలుగు ఒక్క ముక్క రాదు. తెలుగు వచ్చినవాళ్ళు ఆఫీసులో నేను తప్ప లేరు కనుక, కేసుకు నేను పనికిరానని తేల్చిన కాగితం మీదే, కేసు పత్రాలన్నీ నేనే అనువదించాలని కూడా ఉత్తర్వు వచ్చింది.

ఎండలు జాగ్రత్త.
మెహర్


సూరవరప్పాలెం
జూన్ 18, 2024

చి. మెహర్‌కు,

ఆ విషయం రాయవద్దన్నావు. కాబట్టి ఊళ్ళో జరిగిన ఒక వేడుక గురించి రాస్తాను.

పోయిన మంగళవారం మా ఊరికి ఒక ఆరడుగుల తెల్లాయన వచ్చాడు. మీ ప్రాజెక్టు డైరెక్టరు చైతన్యకృష్ణ మీద వచ్చిన ఫిర్యాదును విచారించడానికట. వచ్చింది చైతన్యకృష్ణ కారులో. పక్కన కూర్చున్నది చైతన్యకృష్ణ. మాటలు తర్జుమా చెయ్యడానికి చైతన్యకృష్ణ ఆఫీసులో పనిచేసే అమ్మాయి. భోజనం కూడా వాళ్ళ క్యారియరే.

ముందురోజు సాయంత్రం ట్రాక్టరు మీద ఒక సోలార్ యంత్రం వచ్చి బడి పక్కన దిగింది. తెల్లాయన దాన్ని చూసి ఫొటో తీసుకున్నాడు. తరవాతి ఊరికి వెళ్ళేముందు కొబ్బరిబోండాలు తాగిస్తామని ముప్పావుగంట చెట్టుకింద కూర్చోబెట్టారు. ఆలోగా అదే యంత్రం ట్రాక్టరెక్కి డొంకదారిన ముందు ఊరికి పోయింది. ఆ రోజు ఆయన మూడు ఊళ్ళలో మూడు యంత్రాలు చూశాడు, తొమ్మిది బోండాలు తాగాడు.

మా ఊళ్ళో రాఘవమ్మను అడిగాడు: "యంత్రం వచ్చాక మీ జీవితంలో ఏం మారింది?"

రాఘవమ్మ, "నిన్న సాయంత్రమేగా అయ్యా వచ్చింది! పొద్దుటినుంచీ పిల్లకాయలు దాని చుట్టూ తిరుగుతున్నారు. ఇంకేం మారలా" అంది.

ఆ అమ్మాయి ఇంగ్లీషులో, "ఈ యంత్రం భావితరానికి స్ఫూర్తినిస్తోందని ఈమె అంటున్నారు" అంది.

"వానకి నా కాయంతా తాలయిపోయింది, అప్పుడేమయ్యారు మీరంతా?"

"వాతావరణ మార్పు గురించి ఈమెకు చక్కని అవగాహన ఉంది."

"ఆ పుస్తకంలో మాటలు నేను అనలేదయ్యా, ఒట్టు!"

"పుస్తకం ఎంత బాగుందో మాటల్లో చెప్పలేనంటున్నారు."

తెల్లాయన పాపం అన్నీ రాసుకున్నాడు. రాఘవమ్మ కూడా, తన మాటలు ఆయన అంత శ్రద్ధగా రాసుకుంటున్నందుకు సంతోషించింది.

ఇక్కడికి ఆపుతాను.
మాస్టారు


జెనీవా
జులై 22, 2024

మాస్టారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి మొదట కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాను. రెండోసారి చదివితే నవ్వు రాలేదు.

ఆ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పిన ప్రతిమాటా మీరు నాకు తెలుగులో రాశారు. అంటే మీరు అక్కడే ఉన్నారు, దగ్గరగానే ఉన్నారు. అవే మాటలు అప్పుడే హెండ్రిక్‌కు ఎందుకు చెప్పలేదు?

ఆఫీసు తరఫున అడగడం లేదు. మూడో బెంచీలో కూర్చున్న పిల్లగా అడుగుతున్నాను.

ఈ నెల ఒక తెలుగు కాగితం అనువదించాను. నాలుగే వాక్యాలు. ఆ తరవాత రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంతకుమించి రాయకూడదు, రాయను.

మెహర్


సూరవరప్పాలెం
ఆగస్టు 19, 2024

అమ్మా మెహర్,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులయింది. ఏ కాగితమో నాకు తెలుసు.

పోయిన ఏడాది సెప్టెంబరులో పొదిలి కల్యాణమండపంలో నాకు సన్మానం చేశారు. చేసింది చైతన్యకృష్ణ. శాలువా, పూలదండ, నా ఫొటోతో నిలువెత్తు బ్యానరు. నేను రిటైరై పద్నాలుగేళ్ళు. అన్నేళ్ళలో నన్ను వేదిక ఎక్కించినవాడు లేడు. ఆ కుర్రాడు మైకులో నా గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. నాలో అన్ని సుగుణాలున్నాయని నాకే తెలియదు. దిగబోతుంటే, పద్నాలుగు ఊళ్ళకూ కలిపి వేసిన కమిటీకి అధ్యక్షుడి హోదాలో ఒక సంతకం అన్నాడు.

చదవకుండా పెట్టానని నీకు రాద్దామని రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. చదివాను. "పద్నాలుగు యంత్రాలు అందినవి" అని ఉంది.

"ఇంకా రాలేదు కదండీ?" అన్నాను.

"లారీ ఎక్కేశాయి మాస్టారూ! మీవంటి పెద్దల సంతకముంటే దారిలో ఎవరూ ఆపరు" అన్నాడు.

మెడలో దండ ఉంది. ఎదురుగా రెండువందలమంది ఉన్నారు. పెట్టాను.

లారీ రాలేదు. నేను అడగలేదు. రాఘవమ్మ కాయ తడిసినప్పుడు మాత్రం ఉండబట్టలేక పేరు లేకుండా మీకు రాశాను. సంతకం పెట్టిందీ నేనే, ఫిర్యాదు చేసిందీ నేనే. ఒకటి పేరుతో, ఒకటి పేరు లేకుండా. ఏది పేరుతో చేశానో చూడు.

తెల్లాయన వచ్చినరోజు నావైపు తిరిగి, "మీకు ఇంగ్లీషు వచ్చా?" అని అడిగాడు. చైతన్యకృష్ణ నా భుజం మీద చెయ్యి వేశాడు. "వచ్చు" అన్నాను. "ఆమె చెప్పింది ఇదేనా?" అన్నాడు. "ఇంచుమించు ఇదే" అన్నాను. ముప్పైఆరేళ్ళు ఇంగ్లీషు చెప్పి, అవసరమైన రోజున నేను పలికిన ఇంగ్లీషు అది.

నిన్న పత్తిచేలో కలుపు తీస్తున్న రాఘవమ్మ దగ్గరకు పోయి అంతా చెప్పాను. కొడవలి పక్కన పెట్టింది.

"మీ సంతకం ఉందంటే మేమందరం కళ్ళు మూసుకుని పెట్టేవాళ్ళం మాస్టారూ. ఆ సంగతి వాడికి తెలుసు. మీకు తెలవదా?" అంది.

నేను చేనిగట్టు మీద కూర్చున్నాను.

"సరే. ఇప్పుడేం చేస్తారు? ఇక్కడ కూర్చుని ఏడుస్తారా, పోయి కాయితం రాస్తారా?"

రాశాను. పూర్తి పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరుతో సహా మీ ఆఫీసుకు రిజిస్టరు పోస్టులో పంపాను. దాన్ని అనువదించేటప్పుడు ఎక్కడా మెత్తబరచకు.

బుల్లయ్య


జెనీవా
నవంబరు 25, 2024

పూజ్యులైన మాస్టారికి,

మెత్తబరచలేదు. ఒక్క మాట కూడా.

ఈపాటికి మా ఆఫీసు నుంచి మీకు ఇంగ్లీషు ఉత్తరం వచ్చి ఉంటుంది. రాఘవమ్మక్కకు అర్థమయ్యేలా చెప్పాలంటే ఇదీ తీర్పు. అందని యంత్రాలు అందాయని ధ్రువీకరించినందుకు, సూరవరప్పాలెం వాస్తవ్యులైన బుల్లయ్యగారు ఐదేళ్ళపాటు ప్రపంచంలో ఎక్కడా మా సంస్థ టెండర్లలో పాల్గొనరాదు. ఇక చైతన్యకృష్ణగారు మీ సంతకాన్ని నమ్మి మోసపోయారు. కష్టపడి పనిచేసే అధికారికి ఇంత మనస్తాపం కలిగినందుకు సంస్థ విచారిస్తోంది. ఆయన్ను జెనీవాకు తెచ్చి "పారదర్శకత సలహాదారు"గా వేశారు.

ఆయన గది మా అంతస్తులోనే. పోయినవారం లిఫ్టులో కలిశారు. "మీది మన గుంటూరు వైపేనటగా అండీ! ఇంత దూరంలో మనవాళ్ళు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది" అన్నారు. నేను మెట్లు దిగి వెళ్ళాను. ఐదు అంతస్తులు.

హెండ్రిక్ చాలా బాధపడుతున్నాడు. మూడు యంత్రాల ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించాడు. మూడింటికీ ఎడమకాలు మీద ఒకటే సొట్ట. పెద్దాయన చూసి, "తయారీలో లోపం కావచ్చు" అన్నారు.

ఒక్క సంగతి మాత్రం చెప్పగలను, ఎందుకంటే అది మా వెబ్‌సైటులో అందరికీ కనిపించేలా ఉంది. నష్టపోయిన మనిషి ఎవరు ఫిర్యాదు రాసినా దానికి విడిగా ఒక నంబరు ఇవ్వాలి, విడిగా విచారించాలి, ముప్పై రోజుల్లో ఆ మనిషి భాషలోనే జవాబివ్వాలి. మీ ఒక్కరి కాగితం ఒక్క ఫైలు. ఒక్క ఫైలును మూసెయ్యడం తేలిక.

మీ మెహర్


సూరవరప్పాలెం
జనవరి 27, 2025

చి. మెహర్‌కు ఆశీస్సులు.

నన్ను ప్రపంచవ్యాప్తంగా నిషేధించారని తెలిసి ఊళ్ళో నా పరువు కాస్త పెరిగింది. "ఏ దేశంలోనూ పనికిరారంట కదా మాస్టారూ" అని టీకొట్టు దగ్గర అడుగుతున్నారు. నవ్వనీ. నవ్వడానికి వాళ్ళకు హక్కుంది. బడి ఆవరణలో అందరినీ పిలిచి నేను చేసింది నా నోటితోనే చెప్పాను. కొందరు తిట్టారు. ఒకామె మట్టిబెడ్డ విసిరింది, తగల్లేదు.

ఆ తరవాత ఆదివారం ఆదివారం క్లాసు పెట్టాను. మూడూళ్ళ ఆడవాళ్ళు నలభైముగ్గురు వచ్చారు. "మీరు రాసిపెట్టండి, మేం వేలిముద్ర వేస్తాం" అన్నారు. ససేమిరా అన్నాను. నా చేతిరాతకు ఉన్న పలుకుబడి చాలు. మరిచిపోయినవాళ్ళకు అక్షరాలు గుర్తుచేశాను. ఎవరి మాటల్లో వాళ్ళే రాసుకున్నారు. మస్తాన్‌బీ రెండు పేజీలు రాసింది. అందులో ఒక పేజీ వాళ్ళ అల్లుడి మీద. "ఇది జెనీవావాళ్ళకు సంబంధం లేదమ్మా, కొట్టెయ్" అంటే, "రాసింది నేను. వాళ్ళు కూడా తెలుసుకోవాలి" అంది. కొట్టెయ్యలేదు.

మొన్న అందరూ కలిసి నాలుగు ఆటోల్లో పొదిలి పోస్టాఫీసుకు పోయారు. కౌంటరులో కుర్రాడు నలభైమూడు కవర్లు చూసి, "అందరికీ జెనీవాలో ఉద్యోగాలొచ్చాయా?" అన్నాడట. "వాళ్ళకి పని పెట్టడానికి పోతున్నాయి. నువ్వు ముద్ర గట్టిగా కొట్టు నాయనా" అందట రాఘవమ్మ.

అక్షరదోషాలు చాలా ఉన్నాయి. నేను ఒక్కటీ దిద్దలేదు.

మీ మాస్టారు


జెనీవా
ఏప్రిల్ 21, 2025

పూజ్యులైన మాస్టారికి,

నలభైమూడు ఫైళ్ళు! మా గదిలో బీరువా చాలక కారిడార్లో పెట్టారు. పెద్దాయన రోజూ వాటిమధ్యనుంచి ఒత్తిగిలి నడిచి వెళుతున్నారు. ముప్పై రోజుల గడువు నలభైమూడుసార్లు తప్పితే పాలకమండలికి సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకని హడావిడిగా బయటినుంచి ముగ్గురు తెలుగు అనువాదకుల్ని తెచ్చారు. మస్తాన్‌బీ అల్లుడి సంగతి ఇప్పుడు ఇంగ్లీషులోనూ ఫ్రెంచిలోనూ భద్రంగా ఉంది.

మార్చిలో హెండ్రిక్ మళ్ళీ వచ్చిన విషయం మీకు తెలిసిందే. ఈసారి ప్రాజెక్టు కారు ఎక్కలేదు, బోండాం ముట్టలేదు. నివేదికలో "పద్నాలుగు యంత్రాలు లేవు. ఒకటి ఉంది. అది తిరుగుతూ ఉంటుంది" అని రాశాడు. పెద్దాయన దిద్దడానికి కలం తీశారు. నలభైమూడు వాంగ్మూలాలు చూసి మూత పెట్టేశారు. చైతన్యకృష్ణను ఉద్యోగం నుంచి తీసేశారు. యంత్రాలు నిజంగానే పంపమని ఉత్తర్వు కూడా అయింది.

ఇంకొకటి చెప్పాలి. మీతో ఉత్తరాలు నడిపినందుకు నా మీద విచారణ మొదలైంది. నేనే చెప్పాను. మీవీ, నావీ అన్నీ పెద్దాయన బల్లమీద పెట్టాను. జులైలో మిమ్మల్ని ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది. నవంబరులో ఆ రూలు గుర్తుచేయకుండా ఉండాల్సింది. నా పదవి ఒక మెట్టు తగ్గించారు, విచారణల నుంచి శిక్షణ విభాగానికి మార్చారు. కొత్తవాళ్ళకు నివేదికలు రాయడం నేర్పాలి.

మొదటి పాఠం పోయినవారమే చెప్పాను. లేనిదాన్ని లేదు అని రాయడం. ఇరవైమంది చదువుకున్నవాళ్ళకు గంటన్నర పట్టింది.

బాధగా లేదని రాస్తే అబద్ధమవుతుంది. కానీ నిద్ర బాగా పడుతోంది.

మీ మెహర్


సూరవరప్పాలెం
మే 30, 2025

చెల్లి మెహర్‌కి రాఘవమ్మ రాసేది.

మాస్టార్ని రాసిపెట్టమంటే నన్నే రాయమన్నారు. తప్పులుంటే ఏమనుకోమాక. నీకు ఉద్యోగంలో దెబ్బ తగిలిందని చెప్పారు. మా వల్లే కదా. మస్తాన్‌బీ అయితే మేమందరం ఇంకో నలభైమూడు రాద్దామంది. రాయమంటే చెప్పు.

నిన్న యంత్రాలు వచ్చాయి, పద్నాలుగు ఊళ్ళవీ మా ఊళ్ళోనే దింపుతారంట. కాయంతా కోసి, ఎండబెట్టి, యార్డుకి తోలేసి నెలయ్యాక వచ్చాయి. ఇప్పుడు వాటిలో ఆరబెట్టడానికి మా ఊళ్ళో ఏమీ లేదు. సరే, వచ్చే ఏడుకి ఉంటాయి.

లారీ డ్రైవరు కాయితం తీసి, "సంతకం పెట్టమ్మా, చీకటి పడేలోపు గుంటూరు పోవాలి" అన్నాడు. సంఘం పెద్దని నేనేగా. మాస్టారు అరుగు మీదే ఉన్నారు, లేవలేదు. నేనూ పిలవలా.

"కూర్చో నాయనా, మంచినీళ్ళు తాగు. నేను చదవాలి" అన్నాను.

కూడబలుక్కుని చదివేసరికి చాలాసేపు పట్టింది. వాడు రెండుసార్లు హారను కొట్టాడు. కాయితంలో పద్నాలుగు అందినవి అని ఉంది. లారీలో చూస్తే ఆరే ఉన్నాయి. నేను లెక్కపెట్టా, మస్తాన్‌బీ లెక్కపెట్టింది. ఆరే.

"మిగతాయి రేపు వస్తాయమ్మా, లారీ ఎక్కేశాయి" అన్నాడు.

"అయితే రేపు రేపటి కాయితం తీసుకురా" అన్నాను.

పద్నాలుగు కొట్టేసి, ఆరు అని అంకెలోనూ అక్షరాల్లోనూ రాశాను. కొట్టేసినచోట పక్కన మళ్ళీ చిన్న సంతకం పెట్టాలంట కదా, అదీ పెట్టాను. వాడు తలపట్టుకుని ఎవరికో ఫోన్ చేశాడు. అవతలి మనిషి గట్టిగా అరుస్తున్నాడు. వాడు మాత్రం, "లేదు సార్, చదువుతున్నారు సార్. ఇక్కడ ఆడోళ్ళందరూ చదువుతున్నారు" అంటున్నాడు.

మిగతా ఎనిమిది ఇంకా రాలా. వస్తే రాస్తా.

మీ అక్క
రాఘవమ్మ